రూపాయి లెక్క అడిగినవాడు: ఆర్థికవేత్తగా బాబాసాహెబ్

ట్యాంక్‌బండ్ మీదైనా, పల్లె సెంటర్‌లోనైనా బాబాసాహెబ్ విగ్రహం చేతిలో ఉండేది రాజ్యాంగమే. అది సబబే. కానీ దానికి పాతికేళ్ల ముందే ఆయన మూడు పెద్ద రచనలు చేశారు. మూడూ డబ్బు గురించే. ప్రభుత్వం చేసే అప్పు ఎవరి నెత్తిన పడుతుంది, పన్ను ఎవరి దగ్గర వసూలవుతుంది, రూపాయి విలువ పడిపోతే ఎవరి కంచంలో మెతుకులు తగ్గుతాయి అన్నదే వాటి సారం. ధరల గురించి, రాష్ట్రాల అప్పుల గురించి రోజూ టీవీల్లో అరుపులు వింటున్నాం కాబట్టి, ఆయన జీవితాన్ని ఈ వైపు నుంచి చెప్పుకోవాలనిపించింది.

అప్పు ఆయనకు పుస్తకాల్లో తెలిసిన విషయం కాదు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. నెలకు 50 రూపాయల పెన్షన్. కొడుకు పుస్తకం కావాలంటే ఆయన పెళ్లయిన కూతురి ఇంటికి వెళ్లి, నగ అడిగి తెచ్చి, షావుకారు దగ్గర తాకట్టు పెట్టేవారు. పెన్షన్ చేతికి రాగానే విడిపించి ఇచ్చేవారు. మహార్లకు నాలుగు డబ్బులు, కాస్త చదువు ఇచ్చిన సైనిక ఉద్యోగాల తలుపును బ్రిటిష్ ప్రభుత్వం 1890లలో మూసేసింది. ఎక్కడో తీసుకున్న నిర్ణయం ఒక కులం మొత్తం కడుపు మీద ఎలా కొడుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అదీ ఒక రకం అప్పే. చదువయ్యాక పదేళ్లు బరోడా కొలువులో పనిచేస్తానని రాసివ్వాల్సి వచ్చింది. అక్కడ 1915లో, 24 ఏళ్ల వయసులో, ఈస్టిండియా కంపెనీ పాలన, ఆర్థిక వ్యవహారాల మీద ఒక పరిశోధన రాశారు. అందులో బయటపడే కథ మాకు ఇప్పటికీ నమ్మశక్యంగా అనిపించదు. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారం ఆగిపోయింది. కానీ వాటాదారుల లాభం ఆగలేదు. 60 లక్షల పౌండ్ల మూలధనం మీద ఏటా 10.5 శాతం చొప్పున 6 లక్షల 30 వేల పౌండ్ల డివిడెండును భారతదేశపు ఆదాయం నుంచి చెల్లించాలని ఆ చట్టమే రాసింది. ఆ వాటాలను చివరకు వదిలించుకోవాలంటే 100 పౌండ్లకు 200 పౌండ్లు ఇవ్వాలి. 1858లో కంపెనీ పోయి రాణి పాలన వచ్చినప్పుడు కంపెనీ అప్పులు కూడా మన ఖాతాలోకే వచ్చాయి. 1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చూ అందులో కలిసింది. కొట్టినవాడి కర్ర ఖరీదు దెబ్బలు తిన్నవాడే కట్టాడన్నమాట. కట్టింది మళ్లీ ఎక్కడి నుంచి? ముఖ్యంగా భూమి శిస్తు, ఉప్పు పన్ను నుంచి. భూమి లేనివాడికి శిస్తు లేకపోవచ్చు, ఉప్పు లేకుండా గంజి దిగదు.

1916లో లండన్ చేరారు. మరుసటి ఏడాదే స్కాలర్‌షిప్ గడువు అయిపోయి చదువు సగంలో వదిలి రావాల్సి వచ్చింది. ఆయన పుస్తకాలు వేరే ఓడలో వస్తూ యుద్ధంలో మునిగిపోయాయి. సామాను పోయినందుకు వచ్చిన పరిహారం 600 రూపాయలతోనే బరోడా ఉద్యోగానికి ప్రయాణం కట్టారు. అక్కడ అద్దెకు గది దొరకలేదు, ఉన్న సత్రంలో ఉండనివ్వలేదు. ఆ అవమానం అందరికీ తెలిసినదే. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరయ్యారు. ఆ జీతంలో మిగిల్చినదీ, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయమూ, పార్శీ మిత్రుడు నావల్ భథేనా ఇచ్చిన 5,000 రూపాయల అప్పూ కలిపి 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. ఆ ఏళ్లలో బొంబాయిలో రమాబాయి ఇల్లు ఎలా నెట్టుకొచ్చారన్నది ఈ దేశపు ఆర్థిక చరిత్రలోనే రాయాల్సిన సంగతి. ఆయన సంపాదించిన డిగ్రీల ఖర్చులో పెద్ద వాటా ఆమె పస్తులదే.

రెండో రచన కేంద్ర, రాష్ట్ర ఆర్థిక సంబంధాల మీద. అది 1925లో పుస్తకంగా వచ్చింది. కొలంబియాలో ఆయన గురువు సెలిగ్‌మన్ ముందుమాట రాశారు. 1833 తర్వాత పెత్తనమంతా కలకత్తా చేతికి ఎలా పోయిందో, 1870లో వైస్రాయ్ మేయో రాష్ట్రాలకు కొంత ఖర్చు, కొంత పద్దు అప్పగించడం ఎలా మొదలుపెట్టాడో అంకెలతో చూపించారు. అంకెల వెనక ఆయన చూసింది వేరు. శిస్తు, ఉప్పు పన్ను పేదలను పిండుతుంటే ధనవంతుల మీద చేయి వేయని ప్రభుత్వం, సైన్యానికి ధారాళంగా ఇచ్చి చదువుకు చిల్లర విదిల్చే ప్రభుత్వం ఎవరికి జవాబుదారీ అని అడిగారు. పరాయి పాలకులు కులం జోలికి, భూస్వామి జోలికి వెళ్లడానికి ఎందుకు భయపడతారో కూడా అక్కడే వివరించారు.

మూడోది రూపాయి సమస్య మీద రాసినది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డీఎస్సీ కోసం ఇచ్చిన ఈ గ్రంథాన్ని పరీక్షకులు ఉన్నదున్నట్టు అంగీకరించలేదు, మార్చమన్నారు. చేతిలో డబ్బు అయిపోయి 1923లో బొంబాయి వచ్చేసి, ఇక్కడి నుంచే సరిదిద్ది పంపారు. వాదన పేదవాడికి అర్థమయ్యేదే. 1893లో ప్రభుత్వం టంకశాలలను జనానికి మూసేసింది. అంతకుముందు ఎవరైనా వెండి తెచ్చి రూపాయలు కొట్టించుకోవచ్చు. ఇక మీదట ఆ అధికారం సర్కారుదే. రూపాయికి, పౌండుకు మారకపు రేటు కదలకుండా చూస్తే చాలనేది అప్పటి పెద్దల మాట. కీన్స్ అంతటివాడు 1913లో ఆ ఏర్పాటును మెచ్చుకున్నాడు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. సర్కారుకు ఇష్టమొచ్చినన్ని రూపాయలు విడుదల చేసే వీలుంటే రూపాయి కొనుగోలు శక్తి పడిపోతుందని, ధరలు పెరుగుతాయని వాదించారు. కూలికి పౌండు రేటుతో పనేముంది? సాయంత్రం చేతికొచ్చిన డబ్బుకు ఎన్ని జొన్నలు వస్తాయన్నదే అతని మారకపు రేటు. రూపాయి విలువ తగ్గితే ఎగుమతి వ్యాపారికి లాభం. ధరలు ముందు పరుగెత్తి కూలి రేట్లు వెనక కుంటుతాయి కాబట్టి ఆ లాభం కూలివాడి జేబులోంచే పోతుంది. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యమిచ్చినప్పుడూ ఇదే గట్టిగా చెప్పారు.

ఇక్కడ మనవాళ్లతో ఒక మాట. రిజర్వ్ బ్యాంకును బాబాసాహెబే పెట్టారని మనం వాట్సాప్‌లో పంచుకుంటుంటాం. ఆ కమిషన్ సిఫార్సుల దారిలోనే 1935లో బ్యాంకు వచ్చిన మాట నిజం. కానీ కమిషన్ ఒప్పుకున్నది బంగారు కడ్డీ పద్ధతిని. ఆయన కోరినది చలామణిలో బంగారు నాణెం, రూపాయిల జారీకి దాటరాని హద్దు. లేని ఘనత అంటగట్టడం వల్ల ఆయన అసలు వాదన మరుగున పడుతోందని మా అభిప్రాయం.

1927లో బొంబాయి శాసనమండలిలో తొలి బడ్జెట్ ప్రసంగంలోనే శిస్తును పట్టుకున్నారు. ఆదాయపు పన్నుకు ఒక మినహాయింపు పరిమితి ఉంది. రైతుకు అరెకరమే ఉన్నా, పంట ఎండినా శిస్తు తప్పదు. ఇదేం న్యాయమని నిలదీశారు.

1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. ఈ ఘట్టం దగ్గర మేము కాస్త ఆగుతాం. యుద్ధానికి బ్రిటన్ తీసుకున్న సరుకులకు లండన్‌లో పౌండ్ల పద్దు రాసి, ఆ పద్దును చూపించి ఇక్కడ నోట్లు అచ్చు వేశారు. ధరలు రెట్టింపు దాటాయి. 1943లో బెంగాల్ కరువు లక్షల ప్రాణాలు తీసింది. జారీకి హద్దు లేకపోతే ఏం జరుగుతుందని ఇరవై ఏళ్ల ముందు రాశారో అదే జరుగుతుంటే ఆయన ఆ ప్రభుత్వంలోనే ఉన్నారు. ద్రవ్యశాఖ ఆయనది కాదు. తన చేతిలో ఉన్న శాఖతో కార్మికుల స్థితిగతులపై 1944లో రేగే కమిటీ వేశారు, వారానికి 48 గంటల పని తెచ్చారు. ఎస్సీ విద్యార్థుల కోసం బడ్జెట్‌లో ప్రత్యేకంగా డబ్బు పెట్టాలని వైస్రాయ్‌కి వినతిపత్రం ఇచ్చారు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు మూలం అక్కడే ఉంది. ఈ రోజుకీ మన పిల్లలు ఏ బకాయి కోసం కలెక్టరేట్ల ముందు కూర్చుంటున్నారో, ఆ పద్దే.

రాజ్యాంగంలో కేంద్రం అప్పులకు పార్లమెంటు చట్టం ద్వారా హద్దు పెట్టవచ్చని 292వ అధికరణ చెబుతుంది. 1949లో దానిపై చర్చ జరిగినప్పుడు పార్లమెంటు ఆ అధికారాన్ని వాడుతుందనే ఆశ ఆయన వ్యక్తం చేశారు. ద్రవ్య బాధ్యత చట్టం వచ్చింది 2003లో. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం దాని అనుమతి లేనిదే కొత్త అప్పు చేయకూడదనే 293 ఇప్పుడు అమరావతికి, హైదరాబాద్‌కు రోజూ తగిలే అధికరణ. ఖర్చుల లెక్క తేల్చే కాగ్ పదవిని ఆయన న్యాయమూర్తుల కన్నా ముఖ్యమైనదిగా చూశారు. ఎందుకో 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సబ్‌ప్లాన్ చట్టం కథ చూస్తే తెలుస్తుంది. కాగితం మీద దళితుల వాటా ఉంటుంది. అందరూ నడిచే రోడ్డును కూడా ఆ వాటాలో రాసేస్తే పట్టుకోవాల్సింది లెక్క చూసేవాడే. అప్పు ఎక్కువైంది, సంక్షేమం తగ్గించాలి అనేవాళ్లు ఆయన పేరు వాడుకోబోతే, ఆయన అడిగింది అప్పెంత అని మాత్రమే కాదని గుర్తు చేయాలి. ఎవరి కోసం చేశారు, ఎవరు కడుతున్నారు అని కూడా అడిగారు.

1956 సెప్టెంబరులో, ఆరోగ్యం పూర్తిగా పాడైన దశలో, బుద్ధుడి మీద రాసిన చివరి గ్రంథం అచ్చుకు 20,000 రూపాయల దాకా ఖర్చవుతోందని ఆయన ప్రధాని నెహ్రూకు లేఖ రాశారు. బుద్ధ జయంతి సందర్భంగా ప్రభుత్వం 500 ప్రతులు కొని గ్రంథాలయాలకు, అతిథులకు ఇవ్వగలదా అని అడిగారు. ఆ ఉత్సవ ప్రచురణలకు కేటాయించిన మొత్తం అప్పటికే అయిపోయిందని జవాబు వచ్చింది. డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు. పుస్తకం 1957లో వచ్చింది.