మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మోక్షగుండం విశ్వేశ్వరయ్య (సెప్టెంబర్ 15, 1861 - ఏప్రిల్ 1962) భారతదేశపు సుప్రసిద్ధ ఇంజనీరు, మైసూరు సంస్థానపు దివాను, భారతరత్న పురస్కార గ్రహీత. నీటి సరఫరా, మురుగునీటి పారుదల, వరద నివారణ రంగాలలో విశేష కృషి చేశాడు. మూసీ వరదల అనంతరం హైదరాబాదు నగరానికి ఈయన రూపొందించిన పథకాలు చిరస్మరణీయమైనవి.

బాల్యం, విద్యాభ్యాసం

విశ్వేశ్వరయ్య తెలుగు కుటుంబంలో, కర్ణాటకలోని ముద్దెనహళ్ళిలో జన్మించాడు. పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామానికి చెందినవారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. చిన్నతనంలోనే తండ్రి మరణించగా, బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెబుతూ చదువు సాగించి 1881లో బి.ఏ. పట్టా పొందాడు. అనంతరం పూణేలో ఇంజనీరింగు అభ్యసించి, 1884లో బొంబాయి ప్రజాపనుల శాఖలో చేరాడు.

ఉద్యోగ జీవితం

ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సుక్కూరు పట్టణానికి సింధు నదియే నీటి ఆధారం. ఆ నీరు బురదగా ఉండేది. వడపోత కేంద్రం నిర్మించే స్తోమత పురపాలక సంఘానికి లేదు. విశ్వేశ్వరయ్య నదీగర్భంలో బావి తవ్వించి, ఇసుక పొరల గుండా సహజంగా వడకట్టబడిన నీటిని పట్టణానికి అందించాడు. ఈ పని 1895లో పూర్తయింది. 1906లో ఏడెన్ నగరపు మంచినీరు, మురుగు పారుదల సమస్యలను పరిశీలించాడు.

హైదరాబాదు

1908 సెప్టెంబర్ 28న మూసీ నదికి వచ్చిన వరదలో వేలాది ప్రజలు మరణించారు. నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై 1909లో విశ్వేశ్వరయ్య హైదరాబాదు వచ్చాడు. నది పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోవడం వరద తీవ్రతను పెంచిందని గుర్తించాడు. నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మించాలని సూచించాడు. ఆ ప్రకారం మూసీపై ఉస్మాన్ సాగర్ (1920), ఈసీ నదిపై హిమాయత్ సాగర్ (1927) పూర్తయ్యాయి. నగరానికి భూగర్భ మురుగునీటి పథకాన్ని కూడా రూపొందించాడు.

చివరి దశ, ప్రాముఖ్యత

1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశాడు. 1955లో భారతరత్న పురస్కారం లభించింది. ఈయన జన్మదినాన్ని ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటారు.

ఎగువనుండి వచ్చే వరదను జలాశయాలు ఆపగలవు. వీధులలో కురిసిన వాన మాత్రం కాలువల ద్వారానే పోవాలి. 2020 అక్టోబరు వర్షాలకు హైదరాబాదులో అనేక కాలనీలు నీట మునిగాయి. నాలాల ఆక్రమణ, వాటిలో చెత్త పూడిక, సిమెంటు కప్పిన నేలలో నీరు ఇంకకపోవడం ఇందుకు కారణాలు. కాలువ తవ్వడంతోపాటు దానిని పూడిపోకుండా కాపాడటమూ అవసరమని ఈ అనుభవం తెలుపుతున్నది.