యల్లాప్రగడ సుబ్బారావు

మగ్గం మీద ఒక పోగు తప్పుగా పడితే నేతగాడు దానిని తీసివేసి, సరియైన పోగును పెట్టి అతుకుతాడు. మన శరీరంలోని జీవకణాలు కూడ ఇటువంటి పనినే చేస్తుంటాయి. కణంలో డి.ఎన్.ఏ. అనే సన్నని దారం ఉంటుంది. తల్లిదండ్రుల పోలికలు పిల్లలకు వచ్చేది దీని ద్వారానే. ఈ దారాన్ని కొత్తగా అల్లడానికీ, చెడినచోట బాగుచేయడానికీ కావలసిన సరకు తయారుకావాలంటే ఫోలిక్ ఆమ్లమనే విటమిన్ అవసరం. ఆ విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. ఇంట్లో పేదరికం. చదువుపై మనసు నిలువక, బాల్యంలో ఒకసారి కాశీకి పోయి అరటిపండ్లు అమ్ముకోవాలని ఇల్లు విడిచాడు. ఇంటివారు వెదకి తీసుకొని వచ్చారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులో ఉత్తీర్ణుడయ్యాడు. మామగారి సాయంతో మద్రాసు వైద్య కళాశాలలో చదివాడు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించడం ఆచార్యునికి నచ్చలేదు. అందువల్ల ఎం.బి.బి.ఎస్.కు బదులు, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

ఆ రోజులలోనే ఆ ఇంటికి పెద్ద దెబ్బ తగిలింది. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించే స్ప్రూ అనే వ్యాధితో ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో మరణించారు. వైద్యం చదివినా వారిని దక్కించుకోలేకపోయాననే బాధ సుబ్బారావును విడువలేదు.

1923లో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరాడు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డులో పరిశోధన సాగించాడు. ఫిస్కే అనే శాస్త్రజ్ఞునితో కలిసి, కణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో వెల్లడించాడు. అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులు దానితో కోలుకోసాగారు. తన సోదరులకు అందని మందు ఇతరుల సోదరులకు అందింది.

ఫోలిక్ ఆమ్లం లేనిదే కణాలు పెరగవు. అయితే విపరీతంగా పెరిగే క్యాన్సరు కణాలకు అది అందకుండ చేస్తే? ఆ పనిచేసే మందును కూడ ఆయన బృందమే తయారుచేసింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చాడు. కొందరికి వ్యాధి కొంతకాలం తగ్గుముఖం పట్టినట్లు 1948లో ప్రకటించాడు. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

1948 ఆగస్టులో, యాభైమూడేళ్ల వయస్సులో సుబ్బారావు మరణించాడు. స్వదేశానికి తిరిగి రానేలేదు. డి.ఎన్.ఏ. నిర్మాణం లోకానికి తెలిసింది 1953లో. ఫోలిక్ ఆమ్లం కొరవడితే దారంలో తప్పు పోగు పడుతుందనీ, కణం దానిని కత్తిరించినా సరియైన పోగు దొరకక దారమే తెగుతుందనీ ఆ తరువాత శాస్త్రజ్ఞులు తెలుసుకున్నారు.

1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది. కారమడైలోనైనా కాకినాడలోనైనా గర్భిణులకు ఆరోగ్య కేంద్రాలలో ఇచ్చే ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడ ఉంటుంది. పరీక్ష తప్పిన బాలుడు పట్టుదలతో లోకానికి చేసిన మేలు అందులో ఉన్నది.