మంచుకొండలను చూసి వాన లెక్క చెప్పిన దొర

 అక్కలారా, చెల్లెళ్ళారా, ఈసారి గోడపత్రికలో నేను ఒక దొర జీవిత చరిత్ర రాస్తున్నాను. ఆయన పేరు హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫర్డ్. ఆయన రాజు కాదు, యుద్ధాలు చేయలేదు. ఈ ఏడు వానలు ఎట్లా ఉంటాయో మన దేశంలో ప్రభుత్వం తరఫున మొదటిసారి ముందుగా లెక్క చెప్పింది ఆయనే. కర్నూలు, కడప పిల్లలం ఆయన గురించి తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ లెక్క ఊరికే పుట్టలేదు, మన సీమను కూడా ఊడ్చిపెట్టిన పెద్ద కరువు తర్వాత పుట్టింది.

పుట్టుక, చదువు

బ్లాన్‌ఫర్డ్ దొర 1834 జూన్ 3న లండన్‌లో పుట్టారు. మొదట లండన్‌లో గనుల చదువు, తర్వాత జర్మనీలో ఫ్రైబర్గ్ అనే ఊళ్ళో ఇంకా పై చదువు చదివారు. 1855లో తన అన్న విలియంతో కలిసి ఓడెక్కి మన దేశం వచ్చారు. అప్పుడు ఆయన వయసు 21 ఏళ్ళు. ఇద్దరికీ రాళ్ళను, గనులను పరిశీలించే భూగర్భ సర్వే శాఖలో ఉద్యోగం. ఒరిస్సాలో తాల్చేరు అడవుల్లో బొగ్గు ఉన్న చోట్లు తిరిగారు. అక్కడ మెత్తటి మట్టిరాయిలో పెద్ద పెద్ద గుండ్రాళ్ళు ఇరుక్కొని ఉండేవి. ఇవి ఎప్పుడో మంచుగడ్డ మోసుకొచ్చిన రాళ్ళయి ఉండాలని అన్నదమ్ములు, వాళ్ళతో ఉన్న ఇంకో అధికారి కలిసి తేల్చారు. ఇంత ఎండలు కాసే దేశంలో మంచు ఎక్కడిదని చాలామంది నమ్మలేదు. తర్వాత అది నిజమేనని తేలింది. చూడండి, మంచుతో ఈయనకు అప్పటి నుంచే చుట్టరికం ఉంది.

తర్వాత మద్రాసు వైపు వచ్చి తిరుచినాపల్లి దగ్గర రాళ్ళను పరిశీలించారు. ఎండలో తిరిగి తిరిగి ఆరోగ్యం చెడింది. 1862లో ఆ ఉద్యోగం మాని కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పే పనిలో చేరారు. మన దేశం బడి పిల్లల కోసం భూగోళం పుస్తకం కూడా రాశారు.

రెండు తుఫానులు

1864 అక్టోబరు 5న కలకత్తాను పెద్ద తుఫాను కొట్టింది. నెల కూడా తిరగకుండా నవంబరు 1న మన మచిలీపట్నాన్ని ఇంకో తుఫాను ముంచింది. సముద్రం ఊళ్ళోకి వచ్చి సుమారు 30 వేల మంది చనిపోయారు. ముందుగా చెప్పే దిక్కు లేక జనం ఇళ్ళల్లోనే ఉండి పోయారు. కలకత్తా తుఫాను ఎట్లా పుట్టింది, ఎటు నడిచింది అని బ్లాన్‌ఫర్డ్ దొర, గాస్ట్రెల్ అనే ఇంకో అధికారి కలిసి ఓడల వాళ్ళు రాసుకున్న లెక్కలన్నీ సేకరించి నివేదిక రాశారు. రాళ్ళ చదువు చదివిన మనిషి అప్పటి నుంచి గాలి చదువులోకి మళ్ళారు.

1867లో బెంగాల్‌కు వాతావరణ అధికారి అయ్యారు. 1875లో దేశం మొత్తానికి ఒకే వాతావరణ శాఖ పెట్టినప్పుడు దానికి మొదటి పెద్ద ఆయనే. అదే ఇప్పటి భారత వాతావరణ శాఖ. 2025 జనవరితో దానికి 150 ఏళ్ళు నిండాయి.

అంతకుముందు ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా కొలిచేది. ఒక హాస్టల్లో శేరుతో, ఇంకో హాస్టల్లో గంపతో బియ్యం కొలిస్తే ఎక్కడ ఎక్కువ వండారో ఎట్లా తెలుస్తుంది? ఆయన అందరికీ ఒకే రకం పరికరాలు, ఒకే పద్ధతి పెట్టారు. గాలి బరువు కొలిచే బారోమీటరు, వేడి కొలిచే థర్మామీటరు, వానమాపకం ఇట్లా. ఆ కబుర్లు టెలిగ్రాఫ్ తీగల మీద వచ్చేవి. 1878 నుంచి రోజూ వాతావరణ నివేదిక వేయడం మొదలైంది.

ధాత కరువు

శాఖ పెట్టిన మరుసటి ఏడే, 1876లో, దక్కనులో వానలు ఎత్తిపోయాయి. ముందు నైరుతి గాలి మోసం చేసింది, తర్వాత ఈశాన్యం గాలి కూడా మోసం చేసింది. 1877లో కూడా వాన ఆలస్యమైంది. మన పెద్దవాళ్ళు దాన్ని ధాత కరువు అంటారు, అది ధాత నామ సంవత్సరం కాబట్టి. కర్నూలు, కడప, బళ్ళారి బాగా దెబ్బతిన్నాయి. 1871 జనాభా లెక్కలో కర్నూలు జిల్లాలో 9 లక్షల పైన మనుషులు ఉన్నారు. 1881 లెక్కకు దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. చచ్చిపోయినవాళ్ళు, ఊరు విడిచి పోయినవాళ్ళు. మన తరగతిలో నలభై మంది ఉంటే పది బల్లలు ఖాళీ అయినట్టు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాన పడకపోవడం ఒక్కటే ఆ చావులకు కారణం కాదు. కరువు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలు, ఒక అణా సరిపోతాయని ప్రభుత్వం 1877లో తగ్గించింది. రాళ్ళు కొట్టే మనిషికి అది ఏం చాలుతుంది? అదే కాలంలో మన దేశం గింజలు ఓడలెక్కి బయటికి పోతూనే ఉన్నాయి. బ్లాన్‌ఫర్డ్ దొర కూడా ఆ ప్రభుత్వం జీతగాడే. కానీ ఆయన పని గాలిని చూడడం.

కరువు తర్వాత ప్రభుత్వం ఒక కరువు కమిషన్ వేసింది. వాన ఎగ్గొడుతుందని రెండు మూడు నెలల ముందే తెలిస్తే ఏమన్నా ఏర్పాటు చేసుకోవచ్చు కదా అని వాళ్ళు ఆలోచించారు. ఆ పని ఈయన మీద పడింది.

మంచుకూ వానకూ సంబంధం

ఇక్కడ మంచు అంటే మన నల్లమలలో పొద్దున్నే కనిపించే పొగమంచు కాదు. హిమాలయాల్లో చలికాలంలో ఉప్పు కుప్పలు పోసినట్టు తెల్లగా పడే గడ్డమంచు. బ్లాన్‌ఫర్డ్ దొర ఏ ఏడు ఎంత మంచు పడింది, ఆ తర్వాత ఏ గాలి తోలింది, వాన ఎంత పడింది అని ఏళ్ళ తరబడి పక్కపక్కన పెట్టి చూశారు. చలికాలం చివర్లో, ఎండాకాలం మొదట్లో పడమటి హిమాలయాల మీద మంచు బాగా పడి తొందరగా కరగకపోతే, అటు నుంచి చల్లటి ఎండు గాలి మైదానాల మీదికి తోలుతూనే ఉంటుందని, ఆ ఏడు వాన గాలి బలంగా రాదని ఆయనకు అనిపించింది.

ఎట్లా అంటే, నల్ల బండ మీద ఎండలో కాలు పెట్టలేము, సున్నం కొట్టిన మిద్దె మీద కొంచెం నిలబడగలం. తెల్లటిది ఎండను వెనక్కి కొడుతుంది. మంచు ఉన్న నేల కూడా అంతే, వేడెక్కదు. మిగిలిన ఎండ కూడా మంచును కరిగించడానికే అయిపోతుంది. నేల బాగా వేడెక్కితేనే దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం గాలి నీళ్ళు మోసుకొని వస్తుంది. నేల చల్లగా ఉంటే ఆ పిలుపు తగ్గుతుంది.

ఈ సంగతి ఆయన 1884లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాశారు. 1882 నుంచి 1885 వరకు ప్రయత్నంగా లెక్కలు చెప్పి చూశారు, అవి బాగానే కుదిరాయి. అందుకని 1886 జూన్ 4న మొదటిసారి పద్ధతిగా ఆ ఏటి వానల అంచనాను ప్రకటించారు.

మా పెంటలో మా అవ్వ కూడా గాలి చూసి వాన చెప్తుంది. చంద్రుని చుట్టూ గుడి దూరంగా కడితే వాన దగ్గర అంటుంది. చీమలు గుడ్లు మోసుకొని పైకెక్కితే చిదుగులు లోపల పెట్టమంటుంది. ఆమెకు అక్షరం రాదు, మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. అవ్వ చెప్పేది మా కొండకు, ఆ రెండు మూడు రోజులకు సరిపోతుంది. దొర చేసింది ఏమంటే, వందల చోట్ల చూసింది కాగితం మీద రాసి ఒక్కచోట చేర్చడం. రెండూ చూపుతోనే మొదలవుతాయి. రాసిపెట్టడం ఒక్కటే తేడా.

లెక్క తప్పిన ఏడు

బ్లాన్‌ఫర్డ్ దొర తర్వాత ఎలియట్ అనే ఆయన ఆ కుర్చీలోకి వచ్చారు. 1899లో వానలు బాగుంటాయని చెప్పారు, కానీ ఆ ఏడే దేశంలో ఘోరమైన కరువు వచ్చింది. మంచు ఒక్కటే చూస్తే చాలదని అర్థమైంది. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ దొర ప్రపంచం అంతా గాలి బరువుల లెక్కలు తీసి, పసిఫిక్ సముద్రం వైపు బరువు పెరిగితే హిందూ సముద్రం వైపు తగ్గుతుందని, అటు తగ్గితే ఇటు పెరుగుతుందని, తక్కెడ లాగా ఊగుతుందని కనుక్కున్నారు. పసిఫిక్ నీళ్ళు మామూలు కంటే వేడెక్కడాన్ని ఎల్ నినో అంటారు. 1877లో చాలా పెద్ద ఎల్ నినో వచ్చిందని ఇప్పుడు శాస్త్రవేత్తలు చెప్తున్నారు.

అయితే కొండల సంగతి అక్కడితో పోలేదు. మన తెలుగు శాస్త్రవేత్త పి. కోటేశ్వరం గారు 1958లో, వానాకాలంలో దక్షిణాన చాలా ఎత్తులో తూర్పు నుంచి పడమటికి తోలే బలమైన గాలి గురించి రాశారు. ఎండకు వేడెక్కే టిబెట్ పీఠభూమికి దానితో సంబంధం ఉందని చెప్పారు. తర్వాత ఆయన కూడా భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. ఉపగ్రహాలు వచ్చాక మంచు ఎంత మేర ఉందో పైనుంచి చూసి మళ్ళీ లెక్కలు వేశారు. ఇప్పుడు ఏటా ఏప్రిల్‌లో రేడియోలో, టీవీలో నైరుతి అంచనా చెప్తారు కదా, అది బ్లాన్‌ఫర్డ్ దొర వేసిన దారే.

చివరి రోజులు

ఆయనకు 1880లో రాయల్ సొసైటీ సభ్యత్వం ఇచ్చారు. ఉద్యోగం అయిపోయాక ఇంగ్లండు వెళ్ళి 1889లో మన దేశం వాతావరణం మీద మామూలు మనుషులకు కూడా పనికివచ్చే పుస్తకం వేశారు. 1893 జనవరి 23న ఫోక్‌స్టోన్ అనే ఊళ్ళో చనిపోయారు. అప్పుడు వయసు 58.

మనం ఏం చేయవచ్చు

మన సీమ వాన రెండు గాలుల మీద ఆధారపడింది. నైరుతి గాలి పడమటి కనుమల మీదే చాలా నీళ్ళు దించేసి మన దగ్గరికి వస్తుంది. ఈశాన్యం గాలి అక్టోబరు నుంచి కొంచెం ఇస్తుంది. సంక్రాంతి నాటికి గాలి ఎండిపోతుంది, నల్లమలలో ఆకు రాలుతుంది, ఆ తర్వాత అడవికి మంటల భయం. అందుకే గాలి మారేది మనకు అందరికంటే ముందు తెలియాలి. అంచనా పట్నంలో ఉండి పెంటకు రాకపోతే దానితో మా అవ్వకు పని లేదు.

కాబట్టి నాది ఒక మనవి. నిలువు గోడలున్న ఒక డబ్బా, ఒక స్కేలు ఉంటే వానమాపకం అవుతుంది. చెట్టు కింద కాకుండా వంటగది వెనక బయలులో పెడదాం. పొద్దున 8:30కి, అంటే వాతావరణ శాఖ వాళ్ళు చూసే వేళకే, ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో చూసి, గాలి ఏ దిక్కు నుంచి తోలుతుందో రాసి, నీళ్ళు పారబోయాలి. వార్డెన్ మేడం గారు ఒప్పుకుంటే పట్టిక ఈ కాగితం పక్కనే అంటిస్తాం. సోమవారం వంతు తొమ్మిదో తరగతిది, మంగళవారం ఎనిమిదిది. మిగిలిన రోజులకు ఎవరు పేరిస్తారో కింద రాయండి.