ఆకు నుంచి మాత్ర దాకా: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



మీ ఇంట్లో బిడ్డ పుట్టబోయే ముందు డాక్టరు గారు రాసిచ్చిన చిన్న ఫోలిక్ యాసిడ్ మాత్ర గుర్తుందా? మొన్న మా ఎనిమిదో తరగతిలో నత్రజని పాఠం చెబుతుంటే, కుండీలో మొక్కకు కింది ఆకులే ముందు ఎందుకు పండుతాయని ఒక పాప అడిగింది. జవాబు కోసం చదువుతూ పోతే, ఆ మాత్ర వెనకున్న మన తెలుగు మనిషి దగ్గరికి చేరాను.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద మనసు నిలవలేదు. కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుందామని ఇంట్లోంచి వెళ్ళిపోయారట. తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి, నగలమ్మి చదివించారు. అయినా మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసులో గట్టెక్కారు.

మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది నచ్చని ప్రొఫెసరు వల్ల ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. స్ప్రూ అనే సంగ్రహణి జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బుకు అప్పట్లో సరైన మందు లేదు. ఆ దుఃఖం ఆయన్ని పరిశోధన వైపు నడిపించింది.

1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు. ఆయన వెళ్ళాక ఇక్కడ పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డ ముఖం ఆయన చూడనే లేదు. భార్య శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు ఈ మాట దాచకూడదని నాకనిపిస్తుంది.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925 నాటి ఆ పద్ధతిని ఇప్పటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు నేర్చుకుంటున్నారు. తరువాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు.

మా పాప ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. వేరు పీల్చుకున్న నత్రజనిని మొక్క ముందుగా గ్లుటమిన్, గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లాలుగా మారుస్తుంది. ఆ పనికి శక్తినిచ్చేది ఏటీపీయే. వాటి నుంచి మిగతా అమైనో ఆమ్లాలు, ప్రోటీన్లు తయారవుతాయి. నత్రజని చాలనప్పుడు మొక్క ముదురు ఆకుల్లోని ప్రోటీన్లను విడగొట్టి, ఆ నత్రజనిని లేత ఆకులకు, గింజలకు పంపుతుంది. అందుకే కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. మన కృష్ణా డెల్టా రైతు వరిచేలో ఆకు రంగు చూసి యూరియా వేసేది ఇది తెలిసే.

హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కక, 1940లో సుబ్బారావు గారు లెడర్లే కంపెనీ పరిశోధనశాలలో చేరారు. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. దాని అణువులో ఏడు నత్రజని పరమాణువులు ఉంటాయి. చివరి ముక్క ఇందాక చెప్పిన గ్లుటమిక్ ఆమ్లమే. సుబ్బారావు గారి బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసినట్టు ప్రకటించింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది పనిచేసింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళ తరువాత వచ్చిన మందు అది.

ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్ కూడా ఆ బృందమే ఇచ్చింది. దానితో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం తెచ్చారు. మన కోస్తా జిల్లాల్లో బోదకాలు రాకుండా ప్రభుత్వం పంచిన డీఈసీ మాత్ర, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆయన నడిపిన పరిశోధనల ఫలితాలే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే న్యూయార్క్ దగ్గర నిద్రలో కన్నుమూశారు. మళ్ళీ మన దేశం రాలేదు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం ఆయన తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఈ ఆదివారం మంగళగిరి రైతుబజారు నుంచి పాలకూర తెచ్చినప్పుడు పిల్లల చేత ఒలిపించండి. పండిన ఆకు, లేత ఆకు పక్కపక్కన పెట్టి తేడా అడగండి. ప్రోగ్రెస్ కార్డు చూసి కోపం వచ్చిన రోజు మాత్రం, మెట్రిక్ రెండుసార్లు తప్పిన కొడుకును వెంకమ్మ గారు మూడోసారి కూడా పరీక్షకు పంపారని ఒకసారి గుర్తు చేసుకోండి.