అబ్రహాం వాల్డ్

అబ్రహాం వాల్డ్ (అక్టోబరు 31, 1902 - డిసెంబరు 13, 1950) సుప్రసిద్ధ గణిత, సాంఖ్యకశాస్త్రవేత్త. అనుక్రమ విశ్లేషణకు, సాంఖ్యక నిర్ణయ సిద్ధాంతానికి ఆద్యుడు. వేర్వేరు చోట్ల అమర్చిన సెన్సర్లు అతి తక్కువ సమాచారాన్ని పంపుకుంటూ ఒక నిర్ణయానికి వచ్చే నేటి పద్ధతులకు ఈయన రూపొందించిన పరీక్ష ఒక ముఖ్య ఆధారము. భారతదేశ పర్యటనలో ఉండగా విమాన ప్రమాదంలో మరణించాడు.

బాల్యము, విద్యాభ్యాసము

వాల్డ్ అప్పటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని కొలోజ్వార్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఈ నగరం ఇప్పుడు రుమేనియాలో క్లూజ్ అనే పేరుతో ఉన్నది. యూదులకు శనివారం విశ్రాంతి దినము. ఆ రోజు కూడా బడి జరిగేది కాబట్టి బాల్యంలో ఇంటి వద్దనే చదువుకున్నాడు. వియన్నా విశ్వవిద్యాలయంలో కార్ల్ మెంగర్ పర్యవేక్షణలో పరిశోధించి 1931లో డాక్టరేటు పొందాడు. యూదుడైనందువలన అక్కడ అధ్యాపక పదవి లభించలేదు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించగా అమెరికాకు వలస వెళ్ళి, కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరాడు. ఐరోపాలో మిగిలిన ఈయన కుటుంబ సభ్యులలో అత్యధికులు నాజీల చేతిలో హతులయ్యారు.

యుద్ధకాలపు పరిశోధనలు

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో వాల్డ్ కొలంబియాలోని సాంఖ్యక పరిశోధన బృందంలో పనిచేశాడు. శత్రువుల కాల్పులకు గురై తిరిగివచ్చిన విమానాలపై గుండ్ల దెబ్బలను బట్టి, తిరిగిరాని విమానాలకు ఏ భాగంలో దెబ్బ తగిలి ఉంటుందో అంచనా కట్టే పద్ధతిని రూపొందించాడు. కళ్ళెదుట ఉన్న లెక్కలతో పాటు కానరాని వాటిని కూడా పరిగణించాలన్నది ఇందులోని సారాంశము.

ఆయుధాల నాణ్యతను పరీక్షించేటప్పుడు ముందుగా నిర్ణయించిన సంఖ్యలో నమూనాలన్నిటినీ వాడవలసిందేనా అన్న ప్రశ్న 1943లో ఈ బృందం ముందుకు వచ్చినది. దీనికి వాల్డ్ ఇచ్చిన సమాధానమే అనుక్రమ పరీక్ష. ప్రతి పరిశీలన తరువాత, రెండు పరికల్పనలలో దేనికి ఎంత బలం చేకూరిందో ఒక నిష్పత్తిగా లెక్కిస్తారు. అది పై హద్దును దాటితే ఒక పరికల్పనను, క్రింది హద్దును దాటితే రెండవ దానిని అంగీకరిస్తారు. హద్దుల మధ్య ఉన్నంతవరకు మరొక నమూనా తీసుకుంటారు. దీనివలన అనేక సందర్భాలలో సగటున సుమారు సగం నమూనాలు ఆదా అవుతాయి. యుద్ధ సమయంలో రహస్యంగా ఉంచిన ఈ పద్ధతి 1945లో ప్రచురితమైనది. ఒకే స్థాయి దోష సంభావ్యతలు గల పరీక్షలలో సగటున అతి తక్కువ పరిశీలనలు చాలునది ఇదేనని 1948లో వాల్డ్, జాకబ్ వోల్ఫోవిట్జ్ నిరూపించారు.

సెన్సర్ వ్యవస్థలలో వినియోగము

ఉదాహరణకు, గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాల వంటి చోట ప్రత్తి చేలలో నేల తేమను కొలిచే సెన్సర్లు అమర్చారనుకొందాము. ప్రతి కొలతను కేంద్రానికి పంపితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ప్రతి సెన్సరూ వాల్డ్ నిష్పత్తిని తనలోనే లెక్కించుకొని, హద్దు దాటినపుడు మాత్రమే అవును లేక కాదు అనే ఒక్క బిట్ పంపితే చాలును. అయితే ఇలా కుదించడంలో కొంత సమాచారం నష్టమవుతుంది. ఆ నష్టాన్ని ఎంతవరకు తగ్గించవచ్చుననేదే ఈ రంగంలోని ప్రధాన సమస్య. విడివిడి సెన్సర్ల నిర్ణయాలపై 1981లో టెన్నీ, శాండెల్, సమాచార పరిమితితో కూడిన పరికల్పన పరీక్షలపై 1986లో ఆల్స్వీడ్, సిసార్ ముఖ్యమైన ఫలితాలు ప్రకటించారు.

మరణము

1950లో వాల్డ్ భారత ప్రభుత్వ ఆహ్వానంపై ఉపన్యాసాలిచ్చుటకు సతీసమేతంగా మన దేశానికి వచ్చాడు. డిసెంబరు 13న వారు ప్రయాణిస్తున్న విమానం నీలగిరి కొండలలో కూలిపోయి దంపతులిద్దరూ మరణించారు. అప్పటికి వాల్డ్ వయస్సు 48 సంవత్సరాలు. నిర్ణయ సిద్ధాంతంపై ఈయన గ్రంథం ఆ సంవత్సరమే వెలువడినది. కుమారుడు రాబర్ట్ వాల్డ్ తరువాతి కాలంలో సాపేక్షతా సిద్ధాంతంలో పేరొందిన భౌతిక శాస్త్రవేత్త అయ్యాడు.

1943 నాటి వాల్డ్ పరీక్షను, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన తెలుగువాడు సి.ఆర్.రావు 1948లో ప్రతిపాదించిన స్కోరు పరీక్షను సాంఖ్యకశాస్త్ర విద్యార్థులు నేటికీ ప్రక్కప్రక్కనే నేర్చుకుంటారు.