షరర్ చదువుకున్న ఊరు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• అబ్దుల్ హలీం షరర్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వివరించగలుగుతారు.
• తరగతి గది బయట దొరికే చదువును గుర్తించగలుగుతారు.

1. నేపథ్యం

అభ్యాసకులారా! కలకత్తా నగరానికి నైరుతి దిక్కున, హుగ్లీ నది ఒడ్డున మెటియాబ్రుజ్ అనే పేట ఉంది. ఈనాడు అది దర్జీ పనికి పేరుపొందింది. 1856లో ఆంగ్లేయులు అవధ్ రాజ్యాన్ని స్వాధీనం చేసుకున్నారు. రాజ్యం పోగొట్టుకున్న నవాబు వాజిద్ అలీ షా కలకత్తా చేరి, చివరకు ఈ పేటలో స్థిరపడ్డాడు. ఏడాదికి 12 లక్షల రూపాయల భరణంతో ఇక్కడ మరో లక్నోను నిర్మించుకున్నాడు. భవనాలు, తోటలు, జంతుప్రదర్శనశాల వెలిశాయి. కవులు, గాయకులు, వైద్యులు, వంటవాళ్ళు ఆయన వెంట వచ్చి చేరారు.

2. బాల్యం, చదువు

షరర్ 1860లో లక్నోలో జన్మించాడు. షరర్ అనేది ఆయన కలం పేరు. దానికి నిప్పురవ్వ అని అర్థం. తండ్రి హకీం. ఆయన నవాబు కొలువులో ఉండడంవల్ల, తొమ్మిదేళ్ళ వయసులో షరర్ కూడా మెటియాబ్రుజ్ చేరాడు.

ఆయన చదువు నేటి ఉన్నత పాఠశాలల వంటి చోట సాగలేదు. అరబ్బీ, పారసీ, తర్కం, వైద్యం పెద్దల దగ్గర నేర్చుకున్నాడు. అంతకుమించిన చదువు ఆ ఊరే నేర్పింది. కవిగోష్ఠులు విన్నాడు, రాజకుమారులతో స్నేహం చేశాడు, జంతువుల పెంపకం మొదలు వంటకాల తయారీ దాకా అన్నీ కళ్ళారా చూశాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇవన్నీ చూసిన పిల్లలు ఆ పేటలో ఎందరో ఉండి ఉంటారు. షరర్ చూసి ఊరుకోలేదు. ఇంకా కుర్రవాడుగా ఉండగానే, లక్నో నుంచి వెలువడే అవధ్ అఖ్బార్ పత్రికకు అక్కడి వార్తలు రాసి పంపసాగాడు. ఒక చిన్న బాధ్యతను తనంతట తాను తలకెత్తుకున్నాడు.

3. పత్రికా సంపాదకుడు

తర్వాత లక్నో తిరిగి వెళ్ళి, అదే పత్రికలో ఉద్యోగం చేశాడు. 1887లో దిల్‌గుదాజ్ అనే సొంత పత్రిక స్థాపించాడు. ఉర్దూలో చారిత్రక నవలకు బాట వేసినవారిలో ఆయన ముఖ్యుడు. మన హైదరాబాదుతోనూ ఆయనకు సంబంధం ఉంది. 1890వ దశకంలో నవాబ్ వికారుల్ ఉమ్రా కొలువులో చేరి, ఆయన కుమారుడి వెంట ఇంగ్లండు వెళ్ళివచ్చాడు.

షరర్‌కు పండితుల ఇల్లు, దర్బారు అండ దొరికాయి. ఆ కాలంలో పరదా చాటున పెరిగిన ఆడపిల్లలకు అటువంటి అవకాశం ఏదీ? ఆ సంగతి ఆయన గుర్తించాడు. కఠినమైన పరదా పద్ధతిని విమర్శిస్తూ 1900లో ఒక పత్రికనే నడిపాడు. ఎదురైన వ్యతిరేకతకు వెనుదీయలేదు.

4. మిగిలినది

1887లో వాజిద్ అలీ షా మరణించాడు. ఆస్తులు అమ్ముడుపోయాయి, భవనాలు కూలిపోయాయి, కొలువువారు చెల్లాచెదురయ్యారు. మెటియాబ్రుజ్‌లోని ఆ వైభవం దాదాపు ఆనవాలు లేకుండా పోయింది. అయితే చిన్ననాడు చూసినదాన్ని షరర్ మరువలేదు. 1910వ దశకంలో లక్నో సంస్కృతిని గురించి తన పత్రికలో వరుసగా వ్యాసాలు రాశాడు. వాటిలో మెటియాబ్రుజ్‌కూ చోటిచ్చాడు. ఆ వ్యాసాలే గుజిష్తా లక్నో అనే పుస్తకమయ్యాయి. 1975లో ఆంగ్లంలోకి అనువాదమయ్యాయి. నేటికీ చరిత్రకారులు వాటిని ఆధారంగా తీసుకుంటారు. షరర్ 1926లో కన్నుమూశాడు.

మీలో కొందరు బడి మధ్యలో మానినవారు కావచ్చు. పని చేసుకుంటూ చదువుతున్నవారు కావచ్చు. మీరు పనిచేసే చోటు, మీ వీధి, మీ ఇంటి పెద్దలు కూడా మీకు పాఠాలే. నాయకత్వమంటే పదవి కాదు. పదిమందికి పనికివచ్చే పనిని ఒకరు చెప్పకముందే చేపట్టడం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. షరర్ మెటియాబ్రుజ్ ఎందుకు చేరాడు?
2. ఆ ఊరు ఆయనకు ఏమేమి నేర్పింది?
3. ఆడపిల్లల పరిస్థితి పట్ల ఆయన ఏ వైఖరి తీసుకున్నాడు?

కృత్యం: మీ ఊరిలో మరుగున పడిపోతున్న ఒక వృత్తి గురించి, అది తెలిసిన పెద్దలను అడిగి, ఒక పేజీ రాయండి. మీ సంపర్క తరగతిలో చదివి వినిపించండి.