ట్యాబ్ నొక్కే ముందు గ్రేస్ హాపర్ గురించి కొంచెం

ఎడిటర్‌లో రెండు అక్షరాలు కొట్టగానే మిగతాది కింద ప్రత్యక్షమవుతుంది, ట్యాబ్ నొక్కేస్తాం. ల్యాబ్ ఎగ్జామ్‌లో ఆ సాయం లేకపోతే ఫంక్షన్ పేరే గుర్తురాదు (నాకైతే బ్రాకెట్లు కూడా). ఒకసారి రాసిన కోడ్‌ని మళ్లీ మనిషి రాయడమేంటి, మెషీనే తెచ్చిపెట్టాలి అని 1952లోనే చేసి చూపించినావిడ గ్రేస్ హాపర్.

1906లో న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్లప్పుడు లోపల ఏముందో చూద్దామని ఇంట్లో అలారం గడియారాలన్నీ విప్పేశారు. ఇక నుంచి ఒక్కటే విప్పాలని వాళ్లమ్మ రూల్ పెట్టింది. యేల్‌లో మ్యాథ్స్ పీహెచ్‌డీ చేసి వాసర్ కాలేజీలో పాఠాలు చెప్పారు. యుద్ధం రోజుల్లో నేవీలో చేరబోతే బరువు చాలదన్నారు. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని మరీ చేరారు. 1944లో హార్వర్డ్‌కి పంపారు, 51 అడుగుల పొడవున్న మార్క్ 1 దగ్గరికి.

అసలు కథ అక్కడే మొదలు. సైన్, కొసైన్ లాంటి లెక్కలకి పనిచేసే కోడ్ దొరికితే అందరూ నోట్‌బుక్‌లో రాసిపెట్టుకునేవాళ్లు, అవసరమైనప్పుడు ఒకళ్ల పుస్తకంలోంచి ఇంకొకళ్లు ఎక్కించుకునేవాళ్లు. మన రికార్డులు రాసుకున్నట్టే! 4 కాస్తా ఎ అయ్యేది, బి కాస్తా 13 అయ్యేది. పైగా కొత్త ప్రోగ్రామ్‌లో పెట్టినప్పుడల్లా అడ్రస్‌లన్నీ చేత్తో కూడి మార్చాలి. మనుషులకి రెండూ సరిగ్గా రావని హాపర్‌కి అర్థమైంది. కాపీ చేయడం, కూడటం రెండూ వచ్చిన మెషీన్ పక్కనే ఉంది కదా!

యూనివాక్ తయారుచేసే కంపెనీలో చేరాక ఎ-0 రాశారు. ప్రోగ్రామర్ కోడ్ నంబర్ ఇస్తే చాలు, టేపు మీదున్న ఆ ముక్కని మెషీనే వెతికి, అడ్రస్‌లు సరిచేసి, ప్రోగ్రామ్‌లో అతికించేది. కంపైలర్ అన్నారుగానీ ఇవాళ్టి లెక్కలో లింకర్‌కి దగ్గర. చాలాకాలం ఎవరూ నమ్మలేదు. కంప్యూటర్ లెక్కలు చేస్తుంది తప్ప ప్రోగ్రాములు రాయదన్నారు.

ఆవిడ ఆగలేదు. మ్యాథ్స్ గుర్తులంటే భయపడే ఆఫీసు వాళ్లు కూడా రాయాలని ఇంగ్లీషు మాటలతో ప్రోగ్రామ్ చూపించారు. మెషీన్‌కి భాషతో పనిలేదని చెప్పడానికి అదే ప్రోగ్రామ్‌ని ఫ్రెంచ్‌లో, జర్మన్‌లో నడిపారు. మేనేజ్‌మెంట్ హడలిపోయింది: అమెరికన్ కంప్యూటర్‌కి ఫ్రెంచ్ ఎలా వస్తుందని! (ఆ లెక్కన తెలుగూ వచ్చేదే.) చివరికి ఇంగ్లీషొక్కటే ఉంచుతామని ఒప్పుకోవాల్సొచ్చింది. అదే ఫ్లో-మ్యాటిక్ అయింది, 1959లో మొదలైన కోబాల్‌కి దారి చూపింది.

బగ్ అనే మాట పుట్టించింది ఈవిడే అంటారు, కాదు. 1947లో మార్క్ 2లో పురుగు దొరకడం నిజమేగానీ, పట్టింది వేరేవాళ్లు, ఆ మాట అంతకుముందే ఉంది.

ముసలితనంలో లెక్చర్లకి వెళ్లి అడుగు కంటే కాస్త తక్కువున్న వైరు ముక్కలు పంచేవారు, నానోసెకనులో కాంతి వెళ్లే దూరం ఇంతేనని. 79 ఏళ్లకి రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. 1992 జనవరి 1న పోయారు. సైనిక లాంఛనాలతో ఆర్లింగ్టన్‌లో ఖననం చేశారు.